ఇరవై తొమ్మిది అంగుళాల వంటగట్టు

ఇప్పటిదాకా తేలింది ఇంతే. సూర్యాపేటలోని నా ప్లైవుడ్, మైకా షీట్ల దుకాణానికి ప్రతి నెలా హైదరాబాద్ నుంచి ఇంటీరియర్ మ్యాగజైన్లు వస్తాయి. గిరాకీలు వాటిని తిరగేసి, నచ్చిన బొమ్మ మీద వేలు పెట్టి ‘గిట్ల కావాలె’ అంటారు. మేం చేసి పెడతాం. ఈ నెల సంచికలో, పాఠకులు తమ ఇళ్ల ఫొటోలు పంపే పేజీలో, మిర్యాలగూడలోని ఒక చిన్న ఇంటి వంటగది అచ్చయింది. ఎవరిదో పేరు లేదు. ‘ఒక మహిళ తన ఒక్కదాని కోసం తీర్చుకున్న ఇల్లు’ అని మాత్రం రాశారు. అల్మారా తలుపుల మూలలు చూడగానే అది నా కార్పెంటర్ కిష్ట్యా చేతిపని అని గుర్తుపట్టాను. అలా మూలలన్నీ గుండ్రంగా అరగదీసేవాడు ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. నాకు చెప్పకుండా బయట పని పట్టనని పంతొమ్మిదేళ్ల కింద అతను నాకిచ్చిన మాట. ఆ మాట తప్పాడు. ఎవరి కోసం తప్పాడో అడుగుదామని బుధవారమంతా చూశాను. అతను దుకాణానికి రాలేదు.

గురువారం పొద్దున నేను షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

బేరంలో ముందు నోరు తెరిచినవాడు నష్టపోతాడు. అందుకని నేనేమీ అడగలేదు. గల్లా పక్కన మ్యాగజైన్ తెరిచి పెట్టి, దాని మీద కొలత టేపు పెట్టి, నా పని నేను చూసుకున్నాను. కిష్ట్యా వచ్చి చూశాడు. చూసి, టేపును కొంచెం పక్కకు జరిపి మళ్లీ చూశాడు.

"ఎవని పనిరా గిది?" అన్నాను.

"ఎవడో మంచి పనోడే సేటు."

"నీకంటె మంచోడా?"

"నా అంతోడుంటడు."

దొంగతనం ఒప్పుకోడు, తన పనిని తక్కువ చేసుకోడు. ఇటువంటివాడిని గద్దిస్తే బిగుసుకుపోతాడు. ఎక్కడ తాకితే నొప్పి పుడుతుందో అక్కడే తాకాలి. షేడ్ నంబర్లు చదివే భూతద్దం తీసి ఫొటో మీద పెట్టాను. వంటగట్టు పక్క గోడకు అడుగు ఎత్తు టైల్స్ అంటించారు. కింద నుంచి లెక్కపెట్టాను. రెండు నిండు టైల్స్, మూడోది కోసిన ముక్క. ఆ ముక్క అయిదంగుళాలు. మొత్తం ఇరవై తొమ్మిది.

"పనోడు మంచోడే కావచ్చు గానీ కొలత రాదు," అన్నాను. "ముప్పై మూడు ఉండాల్సిన గట్టు ఇరవై తొమ్మిదికి పెట్టిండు. నాలుగంగుళాలు తప్పిండు. గిసుంటోన్ని నా పనికి రానియ్య."

కిష్ట్యా మొహం ఎర్రబడింది. "తప్పుడేంది సేటు! నువ్వే గద నేర్పినవ్, గోడ కొలిచే ముందు ఇంటామె మోచెయ్యి కొలువుమని! కొలిచినంకనే పెట్టిన!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు.

ఆ పద్ధతి నాదే. కొత్త వంటగది పనికి వెళితే మేం ముందు గోడ జోలికి పోం. ఇంటావిడను చెప్పులు విప్పి నిలబడి మోచేయి మడవమంటాం. మోచేతి నుంచి కిందికి ఆరంగుళాలు వదిలి గోడ మీద గీత గీస్తాం. గట్టు అక్కడికి వస్తుంది. వంగక్కర్లేదు, భుజాలు ఎత్తక్కర్లేదు. కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా ఆడవాళ్లు మా దుకాణాన్ని వెతుక్కుంటూ రావడానికి కారణం షీట్ల రంగులు కాదు, ఆ ఆరంగుళాలు.

"సరే, కొలిచినవ్. గింత పొట్టి మనిషి ఎవరురా?"

కిష్ట్యా కిందికి చూశాడు. "అమ్మది సేటు."

"మీ అమ్మదా? తండాల ఇల్లిడిచిపెట్టి మిర్యాలగూడల కట్టుకున్నదా ముసలామె?"

"మా అమ్మ సచ్చిపోయి ఆరేండ్లాయె. దినాలకు నువ్వు గూడ వచ్చినవ్." గొంతు తగ్గించాడు. "మనమ్మది. పుష్పలతమ్మది."

రోడ్డు మీద పోతున్న లారీ హారన్ కొట్టింది. ఒక గిరాకీ వచ్చి తలుపు గొళ్లేలున్నాయా అని అడిగాడు. లేవన్నాను. గొళ్లేలు నా వెనక అరలోనే ఉన్నాయి.

పుష్పలత నా భార్య.

ప్రతి గురువారం ఆమె పొద్దున బస్సుకు మిర్యాలగూడ వెళుతుంది. రెండేళ్ల కింద వంటింట్లో పై అరలోని డబ్బా అందుకోబోయి స్టూల్ మీద నుంచి పడింది. మోకాలు దెబ్బతిన్నది. మిర్యాలగూడలో ఎవరో మంచి డాక్టర్ ఉన్నాడని అప్పటి నుంచి వారం వారం పోతోంది. గురువారం నాకు సరుకు దిగే రోజు. ఒక్కసారి కూడా వెంట వెళ్లలేదు. అక్కడ అత్తగారు ఆమె పేర రాసిపోయిన జాగా ఒకటుందని తెలుసు. ముళ్లకంపలు పెరిగి ఉంటాయనుకున్నాను. అందులో ఇల్లు లేచిందని ఒక ఇంగ్లిష్ మ్యాగజైన్ చెబితే తెలిసింది నాకు.

"నడువు," అన్నాను.

షట్టర్ దించేశాను. సరుకు బండి దారిలో ఉంది. రానీ.

ఇద్దరం వ్యాన్‌లో గరిడేపల్లి దాటాం. తరువాత కోదాడలో ఉన్న మా అమ్మాయి రూపకు స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను. పెళ్లయి కోదాడ వెళ్లి మూడేళ్లయింది. అది సరిహద్దు ఊరు, దాని మాటలో ఆంధ్ర వాసన అప్పుడప్పుడు తగులుతుంది.

"అమ్మ ఇల్లు కట్టిందంటనే?"

"మ్యాగజైన్ చూశావా నాన్నా? ఫొటోలు నేనే పంపిన. బాగొచ్చినయి కదా?"

"నీకెప్పటి సంది ఎర్క?"

"పునాది తీసినప్పటి నుంచి. మా వాటా పైసలు కూడా పెట్టినం. మిగతాది గరిడేపల్లి పొలం మీద అమ్మకొచ్చే కౌలు."

"అంటె నువ్వు, మీ అమ్మ, గీ కిష్ట్యా, ముగ్గురు ఒక్కటై నన్ను పిచ్చోన్ని చేసిన్రు."

"నీకు చెప్తే ఏమంటావ్ నాన్నా? ‘గోదాంల పాత మైకా ఉన్నది, గదే ఎయ్యి, నడుస్తది’ అంటవు. అనవా?"

నేను ఫోన్ పెట్టేశాను. పక్కన కిష్ట్యా కిటికీలోంచి బయటికి చూస్తూ, "అంటవు సేటు," అన్నాడు.

మా ఇంట్లో ఆరు తలుపులున్నాయి, ఆరు రంగులు. ఏ షేడ్ అమ్ముడుపోకపోతే అది ఇంటికి వచ్చింది. వంటగదైతే దుకాణంలో నమూనాగా పెట్టినది. కొత్త నమూనా వచ్చాక పాతదాన్ని విప్పి తెచ్చి ఇంట్లో బిగించాను. గట్టు ముప్పై నాలుగు, పై అర ఆరడుగుల ఎత్తు. పుష్పలత నాలుగడుగుల ఎనిమిది. అందుకే స్టూల్. ఆమె పడ్డప్పుడు నేనేమీ చేయలేదని ఎవరూ అనలేరు. మర్నాడే టేకుతో కొత్త స్టూల్ చేయించాను. ఏనుగెక్కినా కదలదు.

నేరేడుచర్లలో రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు. షేర్ ఆటోల వెనక మెల్లగా పోతున్నప్పుడు ఆ పేజీలోని మాట మళ్లీ గుర్తొచ్చింది. ‘తన ఒక్కదాని కోసం.’ ఇంగ్లిష్‌లో చదివినప్పుడు ఎవరో విధవరాలు కాబోలనుకున్నాను.

ఇల్లు రైస్ మిల్లుకు రెండు వీధుల ఇవతల ఉంది. గాలిలో తవుడు వాసన. గేటు తీసే ఉంది. పుష్పలత వరండాలో నిలబడి కిటికీ అద్దాలు తుడుస్తోంది. నన్ను చూసి గుడ్డ పక్కన పెట్టింది. ఉలిక్కిపడలేదు. కిష్ట్యా వైపు తిరిగింది.

"చెప్పినవా?"

"కొలత తప్పినవన్నడమ్మా," అన్నాడు అతను, తలవంచుకుని.

పుష్పలత నవ్వింది. ఆ నవ్వు నేను విని చాలా రోజులైంది. "నిన్ను మస్తుగ చదివిండు. లోపలికి రా అయ్యా. చెప్పులు ఆడ ఇడువు."

నా సొంత భార్య నాకు చెప్పులు ఎక్కడ విడవాలో చూపించింది.

లోపల అడుగుపెట్టగానే నాలోని భర్తకంటే ముందు వ్యాపారి చూశాడు. ఏం చేయను, కళ్లు అలవాటు పడ్డాయి. ఇల్లంతా ఒకే రంగు, ఎండిన వరిగడ్డి రంగు. ఒక్కో మూలకు పోతుంటే ఒక్కో పేజీ గుర్తొచ్చింది. కిటికీ కింద కూర్చునే బల్ల ఉన్న పేజీని ఒక లెక్చరర్‌కు నేనే చూపించాను. ఆ మ్యాగజైన్‌లో చలిమంట పెట్టుకునే గూడు ఒకటుంటే, పుష్పలత గోడలో అదే గూడు చేయించి ఆవకాయ జాడీలు పెట్టింది. అక్కడ కోట్లు తగిలించే కొక్కేలుంటే, ఇక్కడ ఆ కొక్కేలకు చేటా జల్లెడా వేలాడుతున్నాయి. మక్కీకి మక్కీ దించడం అందరూ చేస్తారు. ఇలా తన ఇంటికి మలుచుకోవడం నేను గిరాకీల్లో చూడలేదు. పై అరను చూశాను. ఆమె చేయి చాపితే అందే ఎత్తులో ఉంది. ఇంట్లో ఎక్కడా స్టూల్ లేదు.

అల్మారా అంచును గోటితో గీకి చూశాను. మంచి ప్లైవుడ్. నాది కాదు.

"ఎవరి దుకాణంల తెచ్చిన్రు గిది?"

"కోదాడల," అంది.

"మన దుకాణం ఉండంగ పైసలిచ్చి వేరెటోని దుకాణంల కొన్నవా?"

"మన దుకాణం చెక్క ఒక్కటి గూడ ఈ ఇంట్ల పెట్టొద్దని కిష్ట్యాకు ముందే చెప్పిన."

ఇల్లు కట్టిందన్నప్పుడు కూడా అంత తగలలేదు. అది తగిలింది. కిటికీ బల్ల మీద కూర్చున్నాను.

"రెండేండ్లు," అన్నాను. "రెండేండ్లు మోకాలని చెప్పి నన్ను మోసం చేసినవ్."

"మోకాలు అబద్ధం గాదు, డాక్టర్ అబద్ధం గాదు. ఆడ అరగంట పని. అది కాంగనే గీడికొస్త. డాక్టర్ ఏమన్నడని ఒక్కనాడన్న అడిగినవా?"

"అడిగిన."

"‘మందులు రాసిండా’ అని అడిగినవ్. ఆయనేమన్నడో అడగలే. మందులతోని కాదు, స్టూల్ ఎక్కుడు మానుమన్నడు."

"నాకు చెప్తే..."

"చెప్తె?" ఎదురుగా వచ్చి నిలబడింది. నేను కూర్చున్నాను కాబట్టి మా కళ్లు ఒకే ఎత్తులో ఉన్నాయి. "దుకాణం సెలవునాడు మ్యాగజైన్లు ఇంటికి తెస్తుంటివి. గిరాకీలు సూసేటియి, చింపకు అంటివి. నేను చింపలే. నచ్చిన పేజీల ఎర్రదారం పెట్టి మళ్ల నీ సంచిలనే పెడుతుంటి. నువ్వు తెరిచి సూస్తవని, ‘ఏందే ఈ దారం’ అని అడుగుతవని. పదేండ్లు పెట్టిన."

ఎర్రదారాలు నాకు గుర్తున్నాయి. సోమవారం పొద్దున దుకాణంలో పేజీల మధ్య నుంచి లాగి పారేసేవాడిని. ఆమె జాకెట్లు కుట్టేటప్పుడు పడ్డ పోగులనుకున్నాను. మ్యాగజైన్లు జాగ్రత్తగా పట్టుకోవడం రాదని రెండుసార్లు కసురుకున్నాను కూడా.

"ఎంతమంది ఆడోల్ల మోచేతులు కొలిచినవయ్యా నువ్వు?" అంది. "మూడు ఊర్లల్ల నీ పేరు చెప్పుకుంటరు. పెండ్లిల్లల్ల నా పక్కన కూసోని ‘మీ ఆయన దేవుడమ్మా, నా నడుము నొప్పి పోయింది’ అంటరు. నేను ఔనౌనంట. నా మోచెయ్యి కొలిచింది ఎవరో ఎర్కనా? కిష్ట్యా. ఆనాడు టేపు పట్టుకోని వాడు ఏడిసిండు."

"ఏడ్వలే అమ్మా, రంపం పొట్టు కండ్లల్ల పడ్డది," అన్నాడు కిష్ట్యా గుమ్మంలోంచి.

"రంపం అప్పటికి తేనే లేదు గద."

మోసపోయినవాడిని నేను. వచ్చింది లెక్క అడగడానికి. కూర్చుని లెక్క చెప్పుకోవలసినవాడిని నేనే అయ్యాను. అది నాకు నచ్చలేదు. లేచి లోపలి గది తలుపు తోసి చూశాను. ఒక బీరువా పట్టేంత చోటు ఖాళీగా ఉంది. కిటికీ పక్కన మంచం. కొలవక్కర్లేదు, మూడడుగుల వెడల్పు. ఇద్దరు పడుకునే మంచానికి ఆ గదిలో జాగా లేక కాదు. జాగా ఉంది.

"అంటె వారం వారం వచ్చిపోయే ఇల్లు గాదన్నట్టు ఇది," అన్నాను.

"గాదు."

"ఎన్నొద్దులుంటవు?"

ఆమె జవాబు చెప్పలేదు. వ్యాపారంలో జవాబు రాకపోతే ధర మార్చి చూడాలి. నేను మార్చాను.

"సూడు పుష్పా. రేపే కిష్ట్యాను పంపుత. మన వంటగది మొత్తం విప్పుదాం. నువ్వే పేజీ అంటె ఆ పేజీ. కొత్త షీట్లు, గోదాంలయి గాదు, కంపెనీ నుంచి తెప్పిస్త. తలుపులన్ని ఒకటే రంగు ఏయిస్త. ఈ ఇల్లు కిరాయికి ఇద్దాం. మంచి ఇల్లు, మంచి కిరాయొస్తది."

కిష్ట్యా తల పట్టుకున్నాడు. చివరి మాట అనకుండా ఉండాల్సిందని నాకు కూడా అప్పుడే తెలిసింది.

పుష్పలతకు కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే బాగుండేది. కోపంగా ఉన్న గిరాకీ మళ్లీ వస్తాడు. మర్యాదగా లేచి వెళ్లినవాడే తిరిగి రాడు.

"ఒక్కటి అడుగుత," అంది గది గుమ్మంలో నిలబడి. "సరిగ్గ చెప్తె ఇయ్యాల్నే నీ బండెక్కి సూర్యాపేటకొస్త. గట్టు మార్చకున్నా వస్త. స్టూల్ ఎక్కుకుంట వండుత."

"అడుగు."

"మన ఇంట్ల నా అద్దం ఏ గోడకున్నది?"

ఇంతేనా అనుకున్నాను. పెళ్లప్పుడు వాళ్లమ్మ ఇచ్చిన అద్దం. చుట్టూ నల్ల చెక్క ఫ్రేమ్, దాని నిండా ఆమె తీసి అంటించిన బొట్టు బిళ్లలు. నా గోదాంలో ఏ షీటు ఏ వరుసలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఒకటి తక్కువైతే వాసన పట్టగలను. నా ఇంట్లో అద్దం చెప్పలేనా?

"బెడ్రూంల," అన్నాను. "బీరువకు ఎడమ దిక్కు, కిటికీ గోడకు. మేకు కొట్టింది నేనే."

చెప్పి కిష్ట్యా వైపు చూశాను, బేరం కుదిరినప్పుడు చూసినట్టు. అతను నా మొహం చూడలేక గోడ వైపు తిరిగాడు.

పుష్పలత గది తలుపు రెక్క పట్టుకుని మెల్లగా ముందుకు లాగింది. దాని వెనక గోడకు, ఆమె మొహం ఎత్తులో, నల్ల చెక్క ఫ్రేమ్. దాని నిండా బొట్టు బిళ్లలు. నేను పొడుగు కావడం వల్ల అందులో నా గుండె దాకానే కనిపించింది, మొహం కనిపించలేదు.

"అద్దం గీడికొచ్చి ఏడాదిన్నర అయింది," అంది. "గోడలు లేవంగనే గురువారం బస్సుల, చీరల చుట్టి తెచ్చుకున్న. దర్వాజ దాటంగ నువ్వు ఎదురొచ్చినవ్. ‘సంచి బరువుగ ఉన్నట్టున్నది, ఆటో ఎక్కు’ అన్నవ్. అప్పటి సంది ప్రతి గురువారం గా సంచి బరువుగనే ఉన్నది."

ఏడాదిన్నరగా నేను రోజూ ఆ గోడ ముందే నిలబడి చొక్కా తొడుక్కుంటున్నాను. ఇప్పుడు అక్కడ ఏముందో, మేకు ఉందో లేదో, ఎంత బుర్ర చించుకున్నా గుర్తు రాలేదు.

"ఆదివారం గీడ పాలు పొంగిస్తున్న," అంది. "రూప వస్తది. నిన్ను రావద్దని అనను. కానీ ముందుగాల ఇంటికి పో. ఒక్కో గది తిరిగి సూడు. బీరువ ఆఖరుకు తెరువు. అది తెరిచినంక గూడ రావాలనిపిస్తే, రా."

"బీరువాల ఏమున్నది పుష్పా?"

"ఏమున్నది అని గాదు," అంది, తుడిచే గుడ్డ మళ్లీ చేతిలోకి తీసుకుంటూ. "ఏం లేదో అడుగు."